తలకిందుల వీధి

పోయిన వారం మీ దగ్గర సెలవు తీసుకునే నాటికి నా చేతిలో ఉన్నవి ఇవి. ఓడల మీద తిరిగి తిరిగి అలిసిపోయిన ఇనప కంటైనర్లు రెండు. వాటిని నిలబెట్టడానికి పెద్దరోడ్డు పక్కన లీజుకు తీసుకున్న ఖాళీ స్థలం. మూతపడిన హోటళ్ల నుంచి ఏరి తెచ్చుకున్న పొయ్యిలు, బల్లలు, గిన్నెలు. వెల్డింగు పనికి మేం మిణుగురు అని పిలిచే కుర్రాడు. రెండో పెట్టెను మొదటిదాని నెత్తిన కూర్చోబెట్టడానికి మాట్లాడుకున్న క్రేను. ఇదంతా జమ.

ఖర్చు వైపు రాసుకోవాల్సింది ఒక్క మాటే. మా అక్క అన్నది.

"నన్ను ఆ పెట్టెలో పెట్టకురా. నా వల్ల కాదు."

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ల కోసం ఇంకో నాలుగు ముక్కలు చెప్పాలి. నేను మూతపడిన హోటళ్ల సామాను కొని అమ్మేవాణ్ణి. ఒక హోటలు ఎందుకు పోయిందో దాని యజమాని నాకు చెప్పక్కర్లేదు, అక్కడి గరిటెలు చూస్తే చాలు. మంచి వంటమనిషి చేతిలో గరిటె ఒక పక్కకి అరుగుతుంది. నేను కొన్న గరిటెలు చాలామటుకు కొన్ననాటి గుండ్రంతోనే ఉండేవి. అంటే అక్కడ బల్లలున్నాయి, రంగు దీపాలున్నాయి, గొప్ప బోర్డుంది, వండే చెయ్యి మాత్రం లేదు. మా అక్క గరిటె ఎడమ అంచు అరిగి అరిగి నెలవంకలా అయిపోయింది. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో షిఫ్టుల వాళ్లందరి కడుపులూ నింపిన గరిటె అది. దాన్ని నమ్ముకునే నేను ఈ పెట్టెలు కొన్నాను. కింద పెట్టెలో వంట, పై పెట్టెలో భోజనాలు, పక్కన ఇనప మెట్లు. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. ఆ గరిటె రానంటే మాత్రం నా జమ మొత్తం పాత ఇనుమే.

ఎందుకు రానంటోందో చెప్పదు. పెట్టె గుమ్మంలో ఒక కాలు పెట్టింది, వెనక్కి తీసుకుంది, వెళ్లిపోయింది. పోయిన వారం అక్కడ ఆగాం.

ఇక ఈ వారం.

వాన వెలిసి ఎండ కాసిన మధ్యాహ్నం. మొదటి పెట్టె లోపల చెక్క నేల మీద అక్కడక్కడా మడుగులు. మిణుగురు ఒక మడుగు పక్కన గొంతుక్కూచుని, కూరలో ఉప్పు చూసినట్టు వేలు ముంచి చూశాడు.

"కారుతోందన్నా."

"అది నాకూ తెలుస్తోంది. ఎక్కణ్ణుంచి?"

"కొనేటప్పుడు తలుపులేసి చూశారా?"

"తలుపులేస్తే ఏం కనపడుతుంది, నీ మొహం!"

"ఏమీ కనపడకూడదన్నా. కనపడిందంటే అదే కంత."

రేవు యార్డులో అలాగే చూస్తారట. ఒక మనిషి సుద్దముక్క పట్టుకుని లోపలికి వెళతాడు. బయటివాళ్లు తలుపులు మూసి గడియ వేస్తారు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా అతను కదలకుండా నిలబడతాడు. ఎక్కడ వెలుగు చుక్క కనిపిస్తే అక్కడ సుద్దతో సున్నా చుడతాడు. తర్వాత ఆ సున్నాలన్నీ అతికేస్తారు.

నాకు నవ్వొచ్చింది, నా మీద నాకే. ఈ పెట్టెల్ని నేను ఫ్రిజ్‌లు కొన్నట్టే కొన్నాను. చుట్టూ తిరిగాను, వేలి కణుపుతో కొట్టి శబ్దం విన్నాను, తలుపు రబ్బరు నొక్కి చూశాను, రెండు తలుపులూ బార్లా తీయించి లోపల అంగుళం అంగుళం గాలించాను. ఎక్కడా కంత లేదని మీసం మెలేసుకుని బేరం ముగించాను. తలుపులు తీసి పెట్టుకుని, అంత వెలుగులో నిలబడి, వెలుగు చుక్క కోసం వెతికిన మొనగాణ్ణి నేనే అయ్యుంటాను.

"ఇప్పుడు చూద్దాం పద," అన్నాను. "నేను లోపలికెళ్తా. నువ్వు గడియ వెయ్యి."

"అయిపోగానే గోడ మీద కొట్టండన్నా, తీస్తా. లోపల పిడి ఉండదు మరి. సరుకు తనంతట తాను తలుపు తీసుకుని రాదు కదా. బయట ఉండేవాడు మంచివాడైతే చాలు," అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆ నవ్వును ఏ వైపు రాసుకోవాలో అప్పుడు ఆలోచించలేదు.

రోడ్డు అంచున గొడుగాయన కనిపించాడు. ఈ స్థలం ఆయనదే. ఎండైనా వానైనా ఉత్త మబ్బైనా నల్ల గొడుగు దించడు కాబట్టి మాకు ఆయన గొడుగాయన. పొద్దుట్నుంచీ రెండో పెట్టె చుట్టూ తిరుగుతున్నాడు. దాని మూలలు తడిమాడు, తలుపు కడ్డీలు ఊపి చూశాడు. మా వైపు చూసి తలాడించి పక్కకి తప్పుకున్నాడు. నేను దాన్ని పలకరింపు అనుకున్నాను.

సుద్దముక్క జేబులో వేసుకుంటుండగా అక్క వచ్చింది. భుజాన సంచి. సంచిలోంచి గరిటె కాడ బయటికి పొడుచుకొచ్చి ఉంది.

"ప్రయాణమా?" అన్నాను.

"పాత క్యాంటీన్ మేనేజరు మళ్లీ రమ్మంటున్నాడు. సాయంత్రం లోపల ఏదో ఒకటి చెప్పమన్నాడు. నీకు చెప్పి పోదామని."

"చెప్పడానికి గరిటె కూడా కావాలా?"

"నా గరిటె, నా ఇష్టం."

"చూడక్కా. పొయ్యి ఎత్తు చాలలేదా, పెంచుతా. రంగు నచ్చలేదా, మారుస్తా. వేడి అంటావా, పైన ఫ్యాన్లు బిగిస్తా. ఏమీ చెప్పకుండా రానంటే ఎట్లా? కారణం లేకుండా వాపసు తీసుకోవడం మా వ్యాపారంలో లేదు."

"నేను నీ సరుకునా?"

"సరుకైతే ఇంత బతిమాలతానా? పక్క కొట్లో ఇంకోటి కొనుక్కుని పోయేవాణ్ణి."

నవ్వు రాబోయి ఆగిపోయింది ఆమెకి. నా జేబు వైపు చూసింది. "ఆ సుద్దముక్క ఏంటి?"

చెప్పాను. చెబుతుండగానే ఆమె ముఖంలో రక్తం దిగిపోవడం చూశాను.

"ఒక్కడివే పోతావా?"

"కంతలు చూడ్డానికి జట్టెందుకు?"

"లోపల పిడి ఉందా?"

"లేదు."

"లేదని తెలిసే పోతున్నావా?"

"మిణుగురు ఉన్నాడుగా బయట."

అక్క మిణుగురు వైపు చూసింది. తలుపు కడ్డీల వైపు చూసింది. సంచి భుజం మీద సర్దుకుంది.

"నేనూ వస్తా."

"నీకు పడదు కదా!"

"పడదు. నువ్వు లోపలుండగా నేను బయట నిలబడి చూడ్డం అంతకంటే పడదు. నోరు మూసుకుని నడు."

మా అక్కతో వాదించి గెలిచినవాడు మా ఇంట్లో ఎవడూ లేడు. నడిచాను.

తలుపు ఒక రెక్క మూసుకుంది, తర్వాత రెండోది. కడ్డీలు గాడిలోకి దిగిన చప్పుడు మా పాదాల కింద నుంచి ఒళ్లంతా పాకింది. ఆ తర్వాత ఏమీ లేదు. కళ్లు తెరిచినా అంతే, మూసినా అంతే. తడి చెక్క వాసన, తుప్పు వాసన, ఇనుములోంచి దిగుతున్న ఎండ వేడి. అక్క ఊపిరి గట్టిగా వినపడుతోంది. ఆమె వేళ్లు నా చొక్కా వెనక భాగాన్ని పిడికిట్లో పట్టుకున్నాయి.

"భయంగా ఉంటే కొడతా. తీసేస్తాడు."

"ముందు నీ కంతలు చూడు."

కాసేపటికి పైన ఒక చుక్క మెరిసింది. దాని పక్కన ఇంకోటి. కప్పు మూలలో గుప్పెడు చుక్కలు, ఎవరో ఆవాలు చల్లినట్టు. వాన అక్కణ్ణుంచే వస్తోంది. తడుముకుంటూ వెళ్లి, బొటనవేళ్ల మీద లేచి, సుద్దతో చుట్టాను. తలుపు రబ్బరు దగ్గర సన్నటి గీత. దానికో గుర్తు. ఇంతేనా, ఈ మాత్రానికేనా అని ఊరట పడుతున్నాను.

"ఒరేయ్." అక్క గొంతు మారింది. "గోడ కదులుతోంది."

"భయం వల్ల అలా ఉంటుందిలే."

"నా భయం సంగతి తర్వాత. గోడ చూడు."

తిరిగాను.

దీన్ని ఎలా రాయాలో ఇన్ని రోజులుగా ఆలోచిస్తున్నాను. నేను సామాన్ల మనిషిని. బల్ల గురించి రాయమంటే కాళ్లు గట్టివో కావో రాస్తాను. ఇది అలాంటిది కాదు. చూసింది చూసినట్టు చెబుతాను, నమ్మడం మీ ఇష్టం.

గోడ మీద వీధి ఉంది. మా వీధే. రోడ్డు వైపు గోడ మీద కాదు, దానికి ఎదురుగా ఉన్న లోపలి గోడ మీద. రంగులతో సహా ఉంది, కదులుతోంది, తలకిందులుగా ఉంది. రోడ్డు పైన, కప్పు అంచున పరుచుకుని ఉంది. ఆకాశం కింద, మా మోకాళ్ల దగ్గర, వాన వెలిసిన తర్వాతి నీలం రంగులో గోడ పొడవునా నిలిచి ఉంది. ఎదుటి వరసలోని మేడలు పైనుంచి కిందికి వేలాడుతున్నాయి. మనుషులు పాదాలు పైకి పెట్టి, తలలు కిందికి వేలాడేసి, ఏ తొందరా లేకుండా నడిచిపోతున్నారు. పసుపు రంగు బస్సు ఒకటి రోడ్డుకి అతుక్కుని వేలాడుతూ వచ్చింది. గోడ ముడతల మీదికి రాగానే వంగింది, లేచింది, మళ్లీ వంగింది, అట్లా అలల మీద పడవలా ఊగుతూ వెళ్లింది. దాని హారన్ మాత్రం ఇనుము అవతల, తలుపు వైపు పోతూ వినపడింది. బొమ్మ అటు కాదు, ఇటు పోయింది.

అక్క నా చొక్కా ఎప్పుడు వదిలేసిందో నాకు తెలియదు.

"టీ కొట్టు అతన్ని చూడు," అంది చివరికి, గుసగుసగా, గట్టిగా అంటే చెదిరిపోతుందేమో అన్నట్టు.

ఎదుటి టీ కొట్టు. అతను ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి టీ తిరగబోస్తున్నాడు. టీ కింది నుంచి పైకి పోతోంది. పొడుగ్గా, గోధుమ రంగు దారంలా, ఒక్క చుక్క కూడా చెదరకుండా పైకి ఎక్కుతోంది. రోజూ ఆ టీ తాగుతాను నేను. పాలు తక్కువని రోజూ సణుగుతాను. అతని చేతిలో అంత పనితనం ఉందని ఆ రోజే చూశాను.

ఒక మేడ మీద ఎవరో ఎర్ర దుప్పటి దులిపారు. అది నిప్పు ముక్కలా గోడ మీద రెపరెపలాడి ఆగిపోయింది.

నేను ముందుకెళ్లి అరచెయ్యి చాపాను. ఒక సైకిలు నా చిటికెన వేలి మీద ఎక్కి, అరచెయ్యి దాటి, మణికట్టు మీదుగా దిగిపోయింది. చేతికి ఏమీ తగల్లేదు.

ఇదంతా ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికాను. రోడ్డు వైపు గోడలో, నా గుండె ఎత్తున, తుప్పు తిన్న చోట ఒక కంత. చీమ దూరితే ఇరుక్కునేంత కంత. ఎండ పెట్టె వెనక నుంచి కొట్టి ఎదుటి వరస మీద నిండుగా పడుతోంది. ఆ వెలుగంతా ఇంత చిన్న సందులోంచి దూరి వస్తోంది. నమ్మకం కుదరక కంత మీద వేలు పెట్టాను. వీధి మొత్తం ఆరిపోయింది. బస్సులు, మేడలు, ఆకాశం, ఏమీ లేవు.

చేతి మీద చటుక్కున దెబ్బ పడింది.

"తియ్యి! అంతమంది నడుస్తుంటే!"

తీశాను. వీధి మళ్లీ వచ్చింది. ఇందాక రోడ్డు మధ్యలో ఉన్న ఒకామె అవతలి గట్టుకి చేరిపోయింది. నేను ఆర్పినంతసేపూ ఆమె నడుస్తూనే ఉంది. ఇందులో వింతేముంది అంటారు మీరు. అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది.

నా ముందు ఏ వస్తువు పెట్టినా ధర కట్టేస్తాను. పగిలిన కుండకైనా, ఆగిపోయిన గడియారానికైనా. దీనికి కట్టలేకపోయాను. ఇది నేను కొన్నది కాదు. అమ్మినవాడికి ఇది ఉన్నట్టే తెలీదు. తెలిసి ఉంటే కంత ఉందని పెట్టె ధర తగ్గించేవాడు, నేను ఎగిరి గంతేసేవాణ్ణి. వీధికి వీధిని, మనుషుల్ని, మబ్బుల్ని పట్టుకొచ్చి గోడకి ఆనించే వస్తువును లోపం కింద లెక్కగట్టే వ్యాపారం మాది. అది తలచుకుంటే సిగ్గు కూడా వేసింది.

"అక్కా," అన్నాను. "నీకు భయం పోయిందా?"

సంచి నేల మీద పెట్టిన చప్పుడు. తడి లేని చోటు చూసుకుని గోడకి ఎదురుగా చతికిలబడింది. నేనూ పక్కన కూర్చున్నాను. గోడ వెలుగు ఆమె బుగ్గ మీద మసగ్గా కదులుతోంది.

"క్యాంటీన్‌లో కోల్డ్ రూము ఉండేది," అంది. "కూరగాయలు, మాంసం పెట్టే చోటు. లోపలి పిడి విరిగితే చెప్పాను. చూస్తాం అన్నారు. దీపం స్విచ్చి బయట. నేను లోపల ఉల్లిపాయలు తీస్తున్నా. ఎవడో పోతూ తలుపు తెరిచుందని తోశాడు, దీపం వృథాగా వెలుగుతోందని ఆర్పాడు. అంతే. పాపం, పొదుపుగా ఉందామనుకున్నాడు."

"ఎప్పుడు? నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మేనేజరు మీదికి పోతావు, నా ఉద్యోగం పోతుంది. ఈ గరిటెతోనే కొట్టాను తలుపు మీద. బయట పొగ లాగే ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఎవరికి వినపడుతుంది? అరిచాను. తర్వాత మానేశాను. చలి కాదురా. చీకటి కూడా కాదు. బస్తాలు కప్పుకుని కూర్చున్నా, చస్తాననిపించలేదు. ఆ ఫ్యాను చప్పుడు వింటూ ఆలోచించుకుంటున్నా. ఇప్పుడు భోజనాల బెల్లు కొట్టి ఉంటారు. ఇప్పుడు వరసలో నిలబడి ఉంటారు. వంట ఎక్కడా అని అడుగుతారు, నా కోసం వెతుకుతారు..."

ఆగింది. గోడ మీద ఒక పిల్ల తల్లి చెయ్యి విడిపించుకుని తలకిందులుగా పరిగెత్తింది.

"తలుపు తీసింది ఎవరనుకున్నావ్? ఉల్లిపాయల కోసం వచ్చినవాడు. 'ఇక్కడున్నావా అక్కా, ఇంటికెళ్లావనుకున్నాం' అన్నాడు. నేను బయటికొచ్చేసరికి బల్లలు తుడిచేస్తున్నారు. ఏదో వండుకున్నారు, తినేశారు, పనికి పోయారు. ఒక్కడూ అడగలేదంట. అప్పట్నుంచి తలుపు మూసిన గదిలో ఉండలేను. లోపల నేనుంటే బయట ఏదీ లేనట్టే ఉంటుంది. బయట అందరూ ఉంటే నేనే లేనట్టు ఉంటుంది. నీకు అర్థం కాదులే."

అర్థమైంది. ఆ పాత క్యాంటీన్‌కే మళ్లీ పోతానంటోంది, అక్కడ కనీసం ఏ తలుపు విరిగిందో తెలుసు కాబట్టి.

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు చూస్తున్నాను కదా." చూపుడువేలితో గోడని చూపించింది. "టీ కొట్టు అతను గ్లాసులు కడుగుతున్నాడు. ఆ ముసలాయన ఇందాకట్నుంచి బస్సు కోసం చూస్తున్నాడు, పాపం. తలుపు మూసే ఉంది. గడియ బయటే ఉంది. అయినా వాళ్లు ఉన్నారు, నేనూ ఉన్నాను." ఊపిరి పీల్చి వదిలింది. "ఈ కంత అతకొద్దు."

నేను వ్యాపారిని. బేరం మొదలైందని చెవులకి వెంటనే తెలిసిపోతుంది.

"అతకను. లోపల పిడి కూడా పెట్టిస్తా. ఇంకా?"

"వాన రాకుండా కంతకి చిన్న అద్దం ముక్క."

"పెట్టిస్తా. కానీ వంటింటికి కిటికీలు కావాలి, కిటికీ కోస్తే ఈ బొమ్మ పోతుంది. కొయ్యకపోతే చీకట్లో ఉల్లిపాయ బదులు వేళ్లు తరుగుతావు."

"అందుకే ఇక్కడ వండను. ఈ పెట్టె ఇట్లాగే ఉంచు. బెంచీలు వెయ్యి, ఏమీ చెప్పకుండా జనాన్ని కూర్చోబెట్టి తలుపు మూసెయ్యి. తిండికి ముందు కాసేపు చూడనీ. రోజూ వాళ్లు తొక్కే రోడ్డే. రెండో పెట్టె పైన వద్దు, పక్కన పెట్టించు. దానికి ఎన్ని కిటికీలు కావాలంటే అన్ని కొయ్యి. అది నా వంటిల్లు. పొద్దున్నే వచ్చి ఇక్కడ కాసేపు కూర్చుని, వీధిని చూసి, పొయ్యి వెలిగిస్తాను."

సగం బల్లలు పోతాయి. పై అంతస్తు పోతుంది. కాగితం మీద వేసుకున్న బ్రహ్మాండమంతా పోతుంది. వేరే ఎవరు అడిగినా లేచి నిలబడేవాణ్ణి.

"ఒప్పుకున్నా," అన్నాను.

"ఇంత తొందరగానా? ఒంట్లో బాగానే ఉందా?"

"చీకట్లో బేరం చెయ్యడం ఇదే మొదటిసారి. నీ మొహం కనపడితే కదా తగ్గించమనడానికి!"

అక్క నవ్వింది. ఇనప పెట్టె ఆ నవ్వును నాలుగు గోడలకీ కొట్టి మళ్లీ మా చేతికే ఇచ్చింది.

అప్పుడే పెద్ద ఇంజను మోత వినిపించింది. రోడ్డు మీది లారీ అనుకున్నాను. గోడ మీదికి పొడుగాటి పసుపు చెయ్యి ఒకటి వచ్చింది, కింది ఆకాశంలోకి చాచుకుని.

"క్రేను!" అన్నాను. "ఒకరోజు ముందే వచ్చేశాడు. మంచిదే, పక్కన పెట్టమని ఇప్పుడే చెబుదాం."

స్థలం అంచున ఉన్న మా రెండో పెట్టె, గోడ మీద కప్పుకి వేలాడుతున్నట్టు ఉంది. దాని మూలలకి గొలుసులు తగిలించారు. గొలుసులు బిగిశాయి. పెట్టె మెల్లగా, నీళ్లలోకి దిగుతున్నట్టు, నీలాకాశంలోకి దిగడం మొదలుపెట్టింది. అంత బరువూ అంత తేలిగ్గా కదులుతోంది.

"ఎంత బాగా దించుతున్నాడో చూడు," అన్నాను.

అక్క ముందుకి వంగింది.

"ఒరేయ్. మనం చూసేది తలకిందులు. దించట్లేదు, లేపుతున్నాడు."

కప్పు వైపు చూశాను. "మన నెత్తిన పెడతాడేమో! లోపల మనం ఉన్నామని వాడికి తెలీదు!"

"మన మీదికి వస్తే పెద్దదవ్వాలి కదా. చిన్నదవుతోంది."

నిజమే. పెట్టె చిన్నదవుతూ రోడ్డు వైపు పోతోంది. అక్కడ ఒక లారీ ఆగి ఉంది. అది మేం పిలిచిన లారీ కాదు. దాని పక్కన నల్ల మూకుడు లాంటిది ఒకటి వేలాడుతోంది. మూకుడు కింద, కాదు, మూకుడు పైన, ఒక మనిషి. గొడుగాయన. చెయ్యి ఊపుతూ లారీ వాడికి దారి చూపిస్తున్నాడు. ఇందాక తలాడించింది పలకరింపు కాదని అప్పుడు అర్థమైంది.

ఆయన పక్కనే మిణుగురు నిలబడి ఉన్నాడు. మా తలుపు దగ్గర ఉండాల్సిన మిణుగురు. ఆ తలాడింపు నాకు కాదు, అతనికన్నమాట.

నోళ్లు కదులుతున్నట్టున్నాయి. మాట లేదు. నేను లేచి తలుపుని భుజంతో గుద్దాను. కదల్లేదు. సరుకు తనంతట తాను తలుపు తీసుకుని రాదు.

అక్క అరుస్తుందనుకున్నాను. కుప్పకూలుతుందనుకున్నాను. సంచిలోంచి గరిటె తీసింది. రోడ్డు వైపు గోడ దగ్గరికి వెళ్లి, కంతకి అడ్డం రాకుండా పక్కకి జరిగి, ఇనుము మీద బలంగా కొట్టింది. పెట్టె మొత్తం గంటలా మోగింది. ఇక్కడ ఫ్యాన్లు లేవు. వీధి వీధంతా వినాలి.

విన్నారు. గోడ మీద టీ కొట్టు అతని చెయ్యి ఆగింది. బస్సు కోసం నిలబడ్డ ముసలాయన తల తిప్పాడు. మిణుగురు మా వైపు పూర్తిగా తిరిగాడు. గోడ మీద అరచేతి పొడవున్న ఆ తలకిందుల మనిషి, కంతలోంచి మమ్మల్నే చూస్తున్నట్టు కదలకుండా నిలబడ్డాడు.

"వస్తాడు," అన్నాను.

మిణుగురు చెయ్యి తన నుదుటి మీద ఉన్న వెల్డింగు మాస్కు దగ్గరికి పోయింది. మాస్కు కింది నుంచి పైకి లేచింది. అంటే, ముఖం మీదికి దిగింది. అతను మాకు వీపు చూపించి గొడుగాయన పక్కన నిలబడ్డాడు.

నా లెక్క నేను ఆ చీకట్లోనే వేసుకున్నాను. పోయింది ఒక పెట్టె, అందులో ఇంకా కొయ్యని కిటికీలు, ఒక మనిషి మీద నమ్మకం. వచ్చింది చీమ దూరేంత కంత, దానిలోంచి ఒక వీధి, పోయిన వారం 'నా వల్ల కాదు' అన్న నోటితోనే ఇప్పుడు నా చేతిలో తన గరిటె పెట్టి, "నువ్వు కొడుతూనే ఉండు, నా వంటిల్లు ఎటు పోతోందో నేను చూసి చెబుతా" అంటున్న మా అక్క. నష్టపోయావని ఎవరన్నా నేను ఒప్పుకోను.

కాకపోతే, గడియ ఇంకా బయటే ఉంది.